మా టాకీసులో తీసేసిన రీలు

మా ముత్తాత జమీందారు కొలువులో దివాను. ఆయన పల్లకీ బజారు మలుపు తిరిగిందంటే అంగళ్లవాళ్లు లేచి నిలబడేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన కొడుకు, అంటే మా తాత, జిల్లా బోర్డు మెంబరు. మా ఊరికి కరెంటు వచ్చిన రోజు మొదటి బల్బు వెలిగింది తాలూకా కచేరీలో కాదు, తాత కట్టించిన టాకీసులో. నాయన చేతికి దక్కింది ఆ టాకీసు ఒక్కటే. భూములు ఎలా పోయాయో ఇక్కడ రాయను. అది మా ఇంటి సంగతి.

చిత్తూరు జిల్లాలో నగరి వైపు, మగ్గాల చప్పుడు ఆగని చిన్న పట్నం మాది. టాకీసుకు, మా ఇంటికి మధ్య ఒక్కటే గోడ. హాలులో వెనక గోడకు ఆనుకుని, కాస్త ఎత్తులో, ఇంటివాళ్ల కోసం ఒక బాక్సు ఉండేది. అందులో ఎర్ర రెక్సిను వేసిన సోఫాలు రెండు. కొత్త సినిమా వచ్చిన రోజు మ్యాట్నీకి ఇంటి పెద్ద ఆ సోఫాలో కూర్చున్నాకే గంట కొట్టాలి, ఆట ముగిసి దీపాలు వెలిగాకే ఆయన లేవాలి. తాత పెట్టిన పద్ధతి ఇది. బాక్సుకు ముందు తడిక గానీ తెర గానీ లేదు. తెర మీద వెలుతురు పెరిగినప్పుడల్లా బాక్సులో మనిషి మొహం నేల టికెట్టు వాళ్లకు కూడా స్పష్టంగా కనిపించేది. తాత దాన్ని సినిమా చూడటానికి కట్టించుకోలేదు, కనబడటానికి కట్టించుకున్నాడు.

నాయన ఆ సోఫాలో కూర్చుంటే వీపు వెనక్కి ఆనేది కాదు. హాస్యగాడు జారి పడి హాలంతా పొట్టలు పట్టుకున్నా ఆయన మీసం కదిలేది కాదు. పెద్దయ్య నవ్వుతాడా, నవ్వడా అని నేలమీద వాళ్లు సోడాల పందెం వేసుకునేవారట. నవ్వుతాడన్నవాడు ఎప్పుడూ గెలవలేదు.

డెబ్బైల్లో మాట. నేను ఐదో తరగతి. ఆ ఏడు ఊళ్లో నోరున్న ప్రతివాడూ మాట్లాడింది గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్ష గురించి. అందులో సీటు వస్తే పిల్లవాడు కలెక్టరయినట్టే లెక్క. నేను ఇంకా దరఖాస్తు మీద సంతకం పెట్టకముందే నాయన టికెట్ల కిటికీ దగ్గర నిలబడి, "మావాడు వచ్చే ఏడు ఈడ ఉండడు, గురుకులంలో ఉంటాడు" అని చెప్పేశాడు. మా ఇంట్లో ఒక మాట బయటికి పోయిందంటే వెనక్కి తీసుకునే అలవాటు లేదు. భూములు పోయిన ఇంట్లో ఇక మాట ఒక్కటే మిగిలిందని నాకు ఆ వయసులోనే తెలుసు. ఆ మాట ఇప్పుడు నా లెక్కల పరీక్ష మీద ఆధారపడి ఉంది.

సరిగ్గా పరీక్షకు కొద్ది రోజుల ముందు మా టాకీసుకు ఒక సినిమా వచ్చింది. ఒక గుమాస్తా, ఆయన కొడుకు, ఆ కొడుకు రాయవలసిన పెద్ద బడి ప్రవేశ పరీక్ష. కథ అంతా అదే. తిరుపతిలో అప్పటికే జనం విరగబడి చూస్తున్నారని పేరు. పోస్టరు మీద నా ఈడు పిల్లవాడు చేతిలో పలక పట్టుకుని కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. నాకు మాత్రం పరీక్ష అయ్యేదాకా సినిమా లేదన్నారు. ఊళ్లో పిల్లలంతా ఆ సినిమాకు పోతే టాకీసు ఇంటి పిల్లవాడు గోడకు ఇవతల కూర్చుని భిన్నాలు కూడుకున్నాడు.

శుక్రవారం నన్ను బడి మానిపించి చదవడానికి కూర్చోబెట్టారు, మ్యాట్నీ మొత్తం గోడ ఇవతల నుంచి విన్నాను. పాటలు, బెత్తం చప్పుడు, బడి గంట. ఆట చివరికి వచ్చేసరికి హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. మా టాకీసులో అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పసిపిల్లలు కూడా ఏడవలేదు. తర్వాత ఎవరో ఆడమనిషి గట్టిగా ముక్కు చీదింది, ఆ వెంటనే హాలంతా చీదింది.

మ్యాట్నీ వదిలాక నాయన ఇంటికి వచ్చి, నేరుగా పెరట్లోకి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. తర్వాత ప్రొజెక్టరు ఆపరేటరును వసారాలోకి పిలిపించాడు. నేను పుస్తకం మీదికి వంగి అంతా విన్నాను.

"ఫస్ట్ షోకి చివరిదానికి ముందు రీలు ఎయ్యొద్దు."

"అయ్యా! అదే గదా అసలు రీలు. పిల్లోడు ఏమీ రాయకుండా బయటికొచ్చేది, వాళ్ల నాయన..."

"తెలుసు. మా ఇంట్లో పిల్లోడు పరీక్షకు పోతా ఉండాడు. మన టాకీసులో పరీక్ష తప్పిన కత ఆడిస్తే అపశకునం. ఆ రీలు తియ్యి."

"జనం ఊరుకోరయ్యా. సినిమా కంపెనీ మనిషి గూడా ఈడనే ఉండాడు."

"టాకీసు ఎవురిది?"

ఆపరేటరు తల గోక్కుంటూ టాకీసులోకి పోయాడు. ఆ సాయంత్రం ఆట అదే చోటికి వచ్చేసరికి పిల్లవాడు పరీక్ష గదిలోకి పోవడం, మరుక్షణం ఇంట్లో అందరూ కూర్చుని భోంచేయడం. ఈలలు, అరుపులు, కుర్చీల చప్పుడు. గోడ ఇవతల నేను చెవులు మూసుకున్నాను. ఆ అరుపులన్నీ నా కోసం.

సోమవారం బడికి పోతే నన్ను చూడగానే ఒకడు పొట్ట నిమురుకుంటూ ఎదురొచ్చాడు.

"రేయ్, మీ నాయన రీలు మింగేసినాడంట గదా? అరిగిందా?"

"అరగలా. అందుకే వీడు పొద్దస్తమానం చదివి అరిగిస్తా ఉండాడు," అన్నాడు ఇంకొకడు.

బడి ఎగ్గొట్టి శుక్రవారం మ్యాట్నీ చూసినవాడు మా తరగతిలో ఒక్కడే, మగ్గం నేసేవాళ్ల అబ్బాయి. ఆ వారం వాడికి జరిగిన మర్యాద పెళ్లికొడుక్కి కూడా జరగదు. జామకాయ ఇచ్చినవాడికల్లా ఆ రీలు చెప్పేవాడు. నేను అడగలేను. మా టాకీసు సినిమా నేను ఇంకొకడి నోట అడిగి తెలుసుకోవాలా? బోరింగు వెనక నీళ్లు తాగుతున్నట్టు నిలబడి విన్నాను.

"పిల్లోడు బయటికొస్తాడు. వాళ్ల నాయన గేటుకాడ నిలబడుంటాడు. 'నేనేం రాయలేదు నాయనా' అంటాడు. ఆయప్ప తిట్టడు, కొట్టడు. తువ్వాలుతో మొగం తుడిసి, 'ఆకలేస్తా ఉండాదా?' అంటాడు. అంతే. మాయమ్మ ఏడ్సి ఏడ్సి మగ్గం కాడ గూడా ఏడ్సింది."

ఆ వారంలోనే కంపెనీ మనిషి డబ్బాలు సర్దుకుని పోయాడు. రీలు కోసం మా ఊరివాళ్లు బస్సెక్కి తిరుపతికి పోయి చూసి వచ్చారు. మా టాకీసుకు 'రీలు మింగిన టాకీసు' అని పేరు పడింది. కొత్త సినిమాలు ఇచ్చే కంపెనీలు ఆ తర్వాత మా గడప తొక్కడం తగ్గించాయి. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ పాలు ఎక్కువ పోశారు. గ్లాసు ఎత్తినప్పుడల్లా ఆ ఈలలు వినిపించేవి.

పరీక్ష తిరుపతిలో. గుండ్లు చేయించుకున్న యాత్రికుల మధ్య నుంచి నాయన నన్ను బడి గేటు దాకా నడిపించాడు. జరీ అంచు ఉత్తరీయం వేసుకున్నాడు. మిగతా నాయనలు చెప్పులు తీసి, వాటి మీదనే కూర్చుని ఇడ్లీ పొట్లాలు విప్పుకుంటున్నారు. ఒకాయన జరిగి చోటిచ్చాడు.

"కూసోప్పా. ఎంతసేపని నిలబడతావు?"

"పర్వాలేదు," అన్నాడు నాయన.

"పిల్లోడు లోపల రాస్తాడు గానీ, నువ్వు నిలబడితే మార్కులు ఎక్కువేస్తారా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాయన నవ్వలేదు.

నా చోటు కిటికీ పక్కన. తల తిప్పితే గేటు కనిపించేది. లెక్కలన్నీ వచ్చినవే. సగం దాకా చకచకా చేశాను. అప్పుడు తల ఎత్తి చూస్తే నాయన ఎండలో అలాగే, కర్రలా నిలబడి ఉన్నాడు. ఉత్తరీయం తల మీదికి కూడా లాక్కోలేదు. ఒక ఆలోచన వచ్చింది. మిగతా సగం వదిలేస్తే? పోయి 'నేనేం రాయలేదు నాయనా' అంటే, ఆ ఉత్తరీయంతో నా మొహం తుడుస్తాడా? కలం కింద పెట్టి ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఆయన చెయ్యి నా మొహం దాకా రావడం నాకు కనబడలేదు. కలం తీసుకుని మిగతా లెక్కలన్నీ చేసేశాను. ఒక్కటి వదల్లేదు. నేను గురుకులంలో చేరింది చదువు మీద ఇష్టంతో కాదు, నాయన మీద నమ్మకం చాలక.

గేటు దగ్గర ఆయన అడిగింది ఒక్కటే.

"అన్నీ రాసినావా?"

"రాసినా నాయనా."

"ఊఁ. పద."

నాకు కరకరా ఆకలేస్తోంది. బస్టాండు దాకా హోటళ్ల ముందు నుంచే నడిచాం. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ అడగకపోవడాన్ని సినిమాలో నాయన పక్కన పెట్టి ఏళ్ల తరబడి తూకం వేస్తూ వచ్చాను.

సీటు వచ్చింది. మాట నిలబడింది. నేను హాస్టల్లో ఇనప పెట్టె తెరిచి మూసిన కాలంలోనే ఇక్కడ మా టాకీసు పాత సినిమాల టాకీసు అయింది. సెలవులకు వచ్చినప్పుడల్లా గోడకు అవతల చప్పుడు తగ్గుతూ పోయింది. బాక్సులో నాయన ఒక్కడే, పాత సినిమాల ముందు, అదే నిటారు వీపుతో.

ఎనభైలలో నాకు తిరుపతిలో ఉద్యోగమైంది. టీవీ కొన్నాను. మేడ మీద పొడుగాటి కమ్మీకి ఏరియల్ కడితే మద్రాసు స్టేషను అందేది. మా వైపు వాళ్లకు అరవం కొత్తేమీ కాదు కాబట్టి అరవ నాటకాలు వచ్చే రోజు ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాపలు తెచ్చుకుని మరీ కూర్చునేవారు. ఒకసారి పెళ్లి పని మీద అమ్మా నాయనా వచ్చి ఉన్నారు. నాయన కోసం కుర్చీ వేశాం. వీపు ఆనించలేదు.

ఆ సాయంత్రం నాటకం కూడా పరీక్ష కథే. మద్రాసులో ఒక అమ్మాయి, పెద్ద స్కూలు ప్రవేశ పరీక్ష, ఇంట్లో అందరూ ఆమె చుట్టూ పిల్లుల్లా నడవడం. చివరికి ఆ అమ్మాయి ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి ఏడుస్తుంది. టీవీలో తండ్రి పేపరు మడిచి లేచాడు. ఇక్కడ నాయన కూడా లేచాడు.

"గాలి ఆడలే," అని పెరట్లోకి పోయాడు.

నేను లేవబోతే అమ్మ నా చొక్కా అంచు పట్టుకుంది.

"పోవద్దు. పొయ్యి సూస్తే మళ్లీ నీ ఇంటికి రాడు."

"ఏమైందిమా?"

"ఆ రీలు తీసేసిన పొద్దు గూడా ఇంతే. బాక్సులో మొదటిరోజు మ్యాట్నీ, లేచిపొయ్యేదానికి లేదు గదా. ఏడ్సేసినాడు. నేలోళ్లు కొందరు ఎనక్కి తిరిగి సూసినారంట. పెద్దయ్య మీసం కదిలింది, పందెం గెలిసినానని ఒగడు అన్నాడంట. ఆ రీలు ఆడినన్నాళ్లూ ఆ మాటే చెప్పుకుంటారని తీయించేసినాడు. అపశకునమంటే జనం ఒప్పుకుంటారు, పెద్దయ్య ఏడ్సినాడంటే ఒప్పుకుంటారా?"

నేను టీవీ వైపే చూస్తున్నాను. ఏమీ కనబడటం లేదు.

"ఇంటికొచ్చి మొగం కడుక్కుంటా నన్ను అడిగినాడు," అంది అమ్మ ఇంకా గొంతు తగ్గించి. "'మనోడు అట్ల వచ్చి నిలబడితే, నేను ఆకలేస్తా ఉండాదా అని అడుగుతానంటావా?' అని. నేను జవాబు చెప్పలా. ఏం చెప్పేది? అడుగుతావులే అనుంటే సరిపొయ్యేది."

ఇంతకాలం ఆయన మీద నేను పెట్టుకున్న అనుమానం ఆయనకూ ఉంది. ఎండలో, ఉత్తరీయంతో, ఆయన ఆ మాట కోసమే సిద్ధపడుతూ నిలబడి ఉండవచ్చు. నేను అన్నీ రాసి వచ్చి ఆ అవకాశం లేకుండా చేశాను.

నాటకం అయ్యాక చాపలు చుట్టుకుని అందరూ వెళ్లారు. ఒక చెంబుతో నీళ్లు తీసుకుని పెరట్లోకి పోయాను. బట్టలుతికే బండ పక్కన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆకలేస్తా ఉండాదా నాయనా అని అడుగుదామనే పోయాను. వంగని మా ఇంటి వీపు నాకూ వచ్చింది. చెంబు బండ మీద పెట్టి వెనక్కి వచ్చేశాను.

టాకీసు అప్పటికే అమ్మేశాం. స్థలం ఒక రైసుమిల్లు ఆయన కొన్నాడు. ప్రొజెక్టర్లు రెండూ అరవదేశంలో ఒక టూరింగు టాకీసుకు పోయాయి. బాక్సులోని ఎర్ర సోఫాలు బజారులో ఒక సెలూను వాళ్లు తీసుకున్నారు.