అయిదిళ్ల రొట్టెలు

మా కొండ ఊరు రొకావెర్నలో కోటగోడను తొలిచి కట్టిన రొట్టెల బట్టీని శనివారం శనివారం వెలిగించేది నేనే. అయిదిళ్ల పిండి వస్తేనే మునిసిపాలిటీ కట్టెలిస్తుంది. రాకపోతే బట్టీకి తాళం వేసి, పక్కనున్న చరిత్ర బోర్డును మాత్రం తుడవమంటుంది.

ఇంకొరొనాత పెద్దమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. బట్టీ ఉన్న సందులో మిగిలింది ఆమె ఒక్కతే. టొరీనోకో జర్మనీకో వెళ్తూ ఇరుగుపొరుగు నాలుగిళ్లవాళ్లు తాళంచెవులతోపాటు రొట్టె మీద గుర్తు వేసే చెక్కముద్రలు కూడా ఆమెకే అప్పగించారు. మూడేళ్లుగా అయిదు ముద్దలూ తనే పిసికి, తనదొకటి, వాళ్లవి నాలుగు ముద్రలు వేసి మోసుకొస్తోంది. బట్టీ ఆరిపోతే ఆమెకు గడప దాటే పని లేదు, మాట్లాడే మనిషీ లేడు. ఈ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

రొట్టె బయటికి తీసినప్పుడు ఇంటిపేరు కేకెయ్యాలి, ఆ ఇంటివాళ్లు పలకాలి. అది ఊరి పద్ధతి.

"లొతీతో వారిల్లు" అంటాను. అది పెద్దమ్మ సొంతిల్లే.

"ఉన్నా."

"కపువానో వారిల్లు."

"ఉన్నా" అంటుంది, గొంతు సన్నం చేసి.

"జర్మనీ చలికి గొంతు పీలగా అయిపోయిందే, పెద్దమ్మా."

"వాగకుండా తియ్యరా కానియో, మాడిపోతోంది."

అక్టోబరులో ఒక శనివారం "తెలెస్కా వారిల్లు" అన్నాను. రెండు గొంతులు పలికాయి. పెద్దమ్మ వెనకాల, కోట చూడ్డానికి వచ్చిన ఒక కుర్రాడు.

"నేనేనండీ, విటాంజెలో తెలెస్కాని. మా తాతగారిల్లు ఇక్కడే. మాకు రొట్టె ఎవరు కాలుస్తున్నారు?"

నేను బట్టీలోకి చూస్తూ నిలబడ్డాను. పెద్దమ్మ పిండి చేతులు ఏప్రన్ కింద దాచుకుంది.

"ఊరంతా కలిసి కాలుస్తాం బాబూ" అని, జేబులోంచి తెలెస్కా వాళ్ల ముద్ర తీసి అతని చేతిలో పెట్టింది. "మీ ఇంటిది. మీ దగ్గరే ఉండాలి."

అతను మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. పెద్దమ్మ బల్ల మీద కూలబడింది.

"ఇక నాలుగే ఉన్నాయిరా."

"ఇంకోటి చెక్కిస్తే పోలా?"

"దొంగముద్ర వేయించకు నాచేత" అంది, మూడేళ్లుగా అలా చేస్తున్న మనిషి.

బట్టీవాడి ఇంట్లో పిండి పిసకరు, అందరిళ్ల ముక్కలూ వాడికి వస్తాయి. మా ఆవిడ పోయాక నేను పిండి ముట్టిందీ లేదు. తర్వాతి శనివారం పెద్దమ్మ నాలుగు ముద్దలతో, తల వంచుకుని వచ్చింది. వాటి పక్కన నాదొకటి పెట్టాను, మా అమ్మ ముద్ర వేసి. పెద్దమ్మ వేలితో పొడిచి చూసింది.

"రొట్టా, పెంకా ఇది?"

కాలాక ఒక్కొక్కటే తీశాను. నాలుగిళ్లకూ పలికింది. ఇక నాది.

"పెత్రోనె వారిల్లు" అన్నాను. ఎవరూ పలకలేదు. పలకాల్సింది నేనే.

"ఉన్నా" అన్నాను, నాకే వినిపించనంత మెల్లగా.

"వినపడలా" అంది పెద్దమ్మ.