తడిగుడ్డలో గవ్వ

తూత్తుకుడి ఒడ్డున ఏరిన గవ్వలను ఇంట్లో అద్దం చుట్టూ అంటించాలని మూటగట్టుకుని, పొగబండిలో విరుదునగర్ వస్తున్నాను. అప్పటికి నాకు పన్నెండేళ్లు. ఎదురుగా కూర్చున్న పెద్దామె ఒక గవ్వను తీసి చూసింది.

“పాపా, దీంట్లో ఉసురుండాది,” అంది.

గవ్వ లోపల ఏదో మెల్లగా ముడుచుకుంది.

ఆమె కొంగు చింపి, తాగే నీళ్లతో తడిపి గవ్వను చుట్టింది. కోవిల్‌పట్టిలో తూత్తుకుడి వెళ్లే బండి ఎదురుగా ఆగి ఉంది. గబగబా దిగి, ఆ బండి కిటికీ దగ్గరున్న ఒకామెకు ఇచ్చి, “సముద్రంలో విడువమ్మా,” అని చెప్పి తిరిగొచ్చింది.

“తక్కినవాట్లో చూస్తివా?” అని నన్నడిగింది.

అవి కూడా పోతాయేమోనని భయమేసింది. “అన్నీ ఖాళీవే,” అంటూ మూట ముడేశాను.

ఆమె నమ్మింది. సాత్తూరులో దిగేటప్పుడు నా తల నిమిరింది.

మూడోనాటికి మూటలోంచి వాసన రావడం మొదలైంది.