పేరు తెలియని అమ్మమ్మకు నీళ్ళు

సింగపూర్ తెలుగువాళ్ళలో దేవుణ్ణి నమ్మని మనిషిగా నాకు కొంత పేరుంది. అందువల్ల వ్రతాలకు పిలుపులు రావు, ప్రసాదం మాత్రం వస్తుంది. అలాంటి నన్ను క్లెమెంటిలో మా పక్క బ్లాక్ ఆంటీ ఫోన్ చేసి మరీ పిలిచింది. భక్తులకు నాస్తికుడితో పనిపడటం నేను చూడటం అదే మొదటిసారి.

ఆంటీ తాతలు తెల్లదొరల కాలంలో కోస్తా నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. ఆమె తెలుగులో తమిళం, మలయ్ ఎప్పుడో కలిసిపోయాయి. ఇంట్లో ఒక గదిని యూనివర్సిటీలో పరిశోధన చేసే నల్లజాతి అమెరికన్ అమ్మాయికి అద్దెకిచ్చింది.

"తంబీ, ఆ పిల్ల రూములో ఏదో చేస్తాది. తెల్లగుడ్డ పరిచి, ముసలామె ఫోటో పెట్టి, ముందర గ్లాసుడు నీళ్ళు పెట్టి మాట్లాడతాది. ఆకులు పొగబెడతాది. చేతబడే! ఇంటికి పాంతాంగ్ లా, అరిష్టం. నువ్వు సైన్సు చెప్పి మానిపించు. మానకపోతే రూము ఖాళీ చెయ్యమంటాను."

"మీరే చెప్పొచ్చుగా ఆంటీ?"

"నేను చెప్తే, మీ ఇంట్లో ఉన్నవన్నీ ఏంటని తిరిగి అడుగుద్ది. నీ ఇంట్లో ఏమీ లేవు గదా. నువ్వయితే సేఫ్."

నేను వెళ్ళేసరికి అంకుల్ వంటింటి కిటికీ గట్టున అన్నం ముద్ద పెట్టి కాకి కోసం చూస్తున్నాడు. ఆ రోజు అమావాస్య. పక్షులకు మేత వేస్తే జరిమానా వేసే ఊరిది. ఇక్కడ పితృదేవతల్ని కూడా దొంగచాటుగానే భోజనానికి పిలవాలి. ఇక రంగు సంగతంటారా, అంకుల్, నేను, ఆ అమ్మాయి పక్కపక్కన నిలబడితే పెద్ద తేడా ఏమీ లేదు. అయినా నలుపు అనే మాట ఆమెకే వదిలేశాం.

చర్చావేదికల మీద పదునుపెట్టుకున్న ప్రశ్నలతో ఆమె గదిలోకి వెళ్ళాను. మా మాటలు ఇంగ్లీషులోనే నడిచాయి.

"ఈ నీళ్ళు మీ అమ్మమ్మ తాగుతుందా?"

"లేదు. కొన్ని ఆవిరైపోతాయి. మిగిలినవి మొక్కకు పోస్తాను."

"ఆకుల పొగతో రోగాలు పోతాయా?"

"దోమలు పోతాయి. నాకు మనసు కుదుటపడుతుంది." ఫోటో పక్కనున్న బీపీ మాత్రలు చూపించింది. "రోగానికి ఇవి. మా అమ్మమ్మ మంత్రసాని. ఆకులు, వేర్లు, కషాయాలు ఆమెకు తెలుసు. ఆస్పత్రివాళ్ళు మమ్మల్ని గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో మా వీధికి ఆమే డాక్టరు. ఈ మాత్రలు ఎవరైనా ఇచ్చుంటే తనూ వేసుకునేది."

ఎదుటి మనిషి అబద్ధమాడకపోతే మాలాంటివాళ్ళ పని ఇంత కష్టమని నేను ఊహించలేదు. చివరి బాణం వేశాను. "చనిపోయినవాళ్ళు వింటారంటే నేను ఒప్పుకోను."

"ఒప్పుకోకండి. నేను మాట్లాడేది మీతో కాదుగా."

హాల్లోకొచ్చి తీర్పు చెప్పాను. "ఆ గ్లాసు మూఢనమ్మకమే. కిటికీలో ముద్దా అంతే, గుమ్మానికి కట్టిన నిమ్మకాయలూ అంతే. తీస్తే మూడూ తీద్దాం."

అంకుల్ మండిపడ్డాడు. "ఆమెదీ మనదీ ఒకటెట్లా అవుతాయయ్యా? మనకి గోత్రం ఉంది!" అంతలోనే ముఖం వెలిగింది. "ఆ అమ్మాయికీ ఒకటి ఇచ్చేద్దాం. గోత్రం తెలియనోళ్ళకి కాశ్యప గోత్రమేగా. అప్పుడది చేతబడి కాదు, తర్పణం!"

ఒక్క మాట కలిపితే చేతబడి తర్పణమైపోయే ఆ రసాయనశాస్త్రం ఏ బడిలోనూ చెప్పరు. ఆంటీకి మాత్రం బాగా నచ్చింది. అమ్మాయిని పిలిచి, తనకొచ్చిన ఇంగ్లీషులో, గోత్రం అంటే వంశం పేరని, అది చెప్పుకుని చేసుకుంటే గదిలోనే ఉండొచ్చని చెప్పింది.

అమ్మాయి నెమ్మదిగా అంది. "వద్దు ఆంటీ. మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మను బానిసగా కొన్నవాడు తన ఇంటిపేరే ఆమెకు తగిలించాడు. ఆమె అసలు పేరు మాకెవరికీ తెలీదు. తెలియకుండానే నీళ్ళు పెడతాను గానీ ఇంకో పేరు తగిలించను. వెళ్ళమంటే వెళ్తాను."

"మంచికి చెప్తే చూడు," అన్నాడు అంకుల్.

ఆంటీ మాత్రం వేరే ఏదో ఆలోచిస్తోంది. "మీ ఇంట్లో ఆ నీళ్ళు పెట్టేది మగోళ్ళు కాదా?"

"నేనే పెడతాను."

"ఆడదానివి, నువ్వే?"

"ఇంకెవరు పెడతారు ఆంటీ?"

ఆంటీ భర్త వైపు తిరిగింది. "మా అమ్మకి నేనొక్కదాన్నే. కొడుకుల్లేరు. ఆమెకెవురు పోస్తన్నారు?"

"అదేంటే, మావాళ్ళందరి తర్వాత మీ అమ్మకీ వదుల్తానుగా."

"ఏం పేరు చెప్పి వదుల్తావు?"

అంకుల్ నోరు తెరిచాడు. గోత్రం వచ్చింది, పేరు రాలేదు. కిటికీ వైపు చూశాడు. కాకి కూడా రాలేదు.

"రూము ఖాళీ చెయ్యొద్దు పాపా," అంది ఆంటీ. "స్టీలు గ్లాసైనా పర్లేదా?"

"నీళ్ళు నిలిచేది ఏదైనా సరే."

ఇద్దరూ గదిలోకి వెళ్ళారు. నా దగ్గర ఇంకో మంచి ప్రశ్న మిగిలి ఉంది. ఈలోగా లోపల ఆంటీ, శాస్త్రాన్ని గానీ భర్తను గానీ అడక్కుండా, వాళ్ళమ్మ పేరు గట్టిగా పలికింది. పురోహితుడి అవసరం లేని మూఢనమ్మకాన్ని మాన్పించడానికి అంత తొందరేమీ లేదనుకుని నేను చెప్పులేసుకున్నాను.