నోటిఫికేషన్ పడితే మారిపోయే బ్యాండ్

అమెరికాలో ఒక ఆల్టర్నేటివ్ మెటల్ బ్యాండ్ ఉంది. గొంతు చించుకుని అరిచి, ఆ నోటితోనే జోల పాడే బాపతు. మొదటి గాయకుణ్ణి పంపేశారు, రెండోవాడొచ్చి ప్రపంచాన్ని ఊపేశాడు. తర్వాత గిటారిస్టును పంపేశారు. ఆఖరికి బ్యాండునే మూసేసి, ఏళ్ల తర్వాత మళ్లీ తెరిస్తే జనం ఏడుస్తూ చప్పట్లు కొట్టారు. మా వంశవృక్షం కన్నా ఈ చరిత్రే నాకు బాగా వచ్చు.

నారాయణగూడలో ఒక మేడ మీది రేకుల షెడ్డులో మేమూ అదే సంగీతం వాయిస్తాం. కాలేజీ రోజుల్లో బ్యాండ్ పెట్టి, ఇప్పటికీ మిగిలింది గిటార్ వాయించే నేనొక్కణ్ణే. తక్కినవాళ్లంతా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో సర్కారు కొలువులకు చదివేవాళ్లు. అందుకని మా బ్యాండుకు ఉన్నవి రెండే కాలాలు. నోటిఫికేషన్ పడితే గాయకుడు మాయం, బేస్ గిటార్ మాయం. పరీక్ష వాయిదా పడితే డ్రమ్ముల ముందు ముగ్గురు కూర్చుంటారు. ఒకసారి వాయిదా వార్త రాగానే ఎంతమంది వచ్చిపడ్డారంటే, మేడ అరంగుళం కిందికి దిగింది. కావాలంటే కింది వాటాలో ఉండే ఓనరమ్మను అడగండి.

వెళ్లిపోయే ప్రతివాడికీ అమెరికా చరిత్ర చెప్పి వీపు తట్టేవాణ్ణి. "మనిషి మారితేనే తమ్మీ, బ్యాండ్ పెరిగేది!"

ఈ వానాకాలం చిక్కడపల్లిలో ఒక చిన్న హాల్లో ఒక ఆదివారం సాయంత్రానికి మాకు కచేరీ కుదిరింది. ఇన్నేళ్లలో మొట్టమొదటి స్టేజీ! అదే ఆదివారం పరీక్ష కూడా ఉంది. అయినా పొద్దున పరీక్ష రాసి, సాయంత్రం వాయిస్తామని అందరూ ఒట్టేశారు. నేను నల్ల చొక్కా కుట్టించుకున్నాను.

ఇంకో వారం ఉందనగా మా డ్రమ్మర్ అడిక్‌మెట్ నుంచి ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె గిటార్ వాయించిన వేగానికి షెడ్డులో ఫ్యాను సిగ్గుపడి ఆగిపోయింది.

"అన్నా, జర ఏమనుకోకు," అన్నాడు డ్రమ్మర్. "ఫాస్ట్ పాటలల్ల మేమందరం ఆఖరికి పోయి నీకోసం నిలబడుతున్నం."

"బ్యాండ్ పెట్టినోణ్ణే తీసేస్తరా?"

"నువ్వే జెప్పినవ్ గదనే, మనిషి మారితేనే పెరుగుతదని. అమెరికాల గిటారాయన్ను పంపలేదా ఏంది?"

గుమ్మంలోంచి ఓనరమ్మ తన గోదావరి యాసలో ఓదార్చింది. "పోనీలెండి బాబూ, నా చెవులకి ఒక గిటారు తగ్గుద్ది."

ఆదివారం సాయంత్రం నేను ప్రేక్షకుల్లో కూర్చున్నాను, నల్ల చొక్కాతోనే, అలవాటు కొద్దీ తెచ్చుకున్న గిటార్‌తోనే. పక్కన చెవుల్లో దూది పెట్టుకుని ఓనరమ్మ. వేళయింది. అందరూ పరీక్ష రాసి వచ్చేశారు, ఆ అమ్మాయి తప్ప. ఆమెదీ అదే పరీక్ష, సెంటర్ అంబర్‌పేట్‌లో పడింది. వానకు అక్కడి రోడ్డు చెరువైపోయింది.

డ్రమ్మర్ నా వైపు చూసి, మైకు అందుకున్నాడు. "అన్నలారా, అక్కలారా! మమ్ముల ఇడిచిపోయిన మా మొదటి గిటారిస్టు ఇయ్యాల తిరిగొస్తున్నడు!"

పోయి వారమే అయిందని జనానికేం తెలుసు? లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఓనరమ్మ కూడా లేచింది. ఆ మోతకు హుస్సేన్‌సాగర్ తొణికి లోయర్ ట్యాంక్ బండ్ తడిసిందంటే మీరు నమ్మరు, వదిలేయండి.

నేను గిటార్‌తో స్టేజీ ఎక్కాను, ఫాస్ట్ పాట మొదలైంది. వాళ్లు ముందు, నేను వెనక. సగంలో తలుపు తోసుకుని ఆ అమ్మాయి వచ్చింది, తడిసి ముద్దయి, పళ్లమధ్య హాల్‌టికెట్, వీపున గిటార్. స్టేజీ ఎక్కి గిటార్‌కు వైరు గుచ్చింది. నేను దిగబోయాను.

"దిగకుండ్రి అంకుల్! మీరు గిట్లనే మెల్లగ కొట్టుండ్రి, నేను మీ చుట్టు ఉరుకుత."

ఉరికింది. నడిచే ఏనుగు చుట్టూ తేనెటీగల్లా మోగింది పాట. ఇన్ని మార్పులు చేసిన అమెరికావాళ్లకు కూడా తట్టని పద్ధతి ఇది! ఓనరమ్మ చెవుల్లోంచి దూది తీసేసింది.

కచేరీ అయ్యాక డ్రమ్మర్ దగ్గరికొచ్చాడు. "అన్నా, రేపటి నుంచి ప్రాక్టీసుకు వస్తవా మరి?"

"ఆలోచించుకోవాలె," అన్నాను బింకంగా.

నా గిటార్ అప్పటికే షెడ్డుకు వెళ్లే ఆటోలో ఉంది. ఎక్కించింది నేనే.