సముద్రం ఒడ్డున ఎవరో పూర్తిచేసిన ముగ్గు

ఎవరైనా దయ్యాల సంగతి మొదలుపెడితే, కాఫీ పెట్టే వంకతో లేచి వెళ్లిపోయే రకం నేను. న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. గాజు పలక మీద రక్తపు చుక్క వేసి, మైక్రోస్కోప్‌లో ఏది కనిపిస్తే అది రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఇది కూడా అలాగే రాస్తాను. కాకపోతే ఇందులో భయం కన్నా సిగ్గు ఎక్కువ. అందుకే అక్కచెల్లెళ్లకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

ఎనభైల మధ్యలో సంగతి. అప్పట్లో ఎడిసన్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మావారు కెమిస్టు. మా అమ్మాయి లతకు పదకొండేళ్లు. స్కూలు సెలవులు ఇంకా మొదలవకముందు, జూన్‌లో ఒక శనివారం, లత స్నేహితురాలు జెన్నీని కూడా వెంటబెట్టుకుని, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి బయల్దేరాం. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలని. బొమ్మలు గీసేవాళ్లు, కుండలు చేసేవాళ్లు చేరిన ఊరని మావారి ఆఫీసులో ఎవరో చెప్పారట.

ముందురోజు రాత్రే లత షరతులు పెట్టింది.

"అమ్మా, ప్లీజ్, చీర వద్దు. ప్యాంట్స్ వేస్కో. అండ్ నో పులిహోర, ఓకే? జెన్నీ ఉన్నప్పుడు నాతో తెలుగు మాట్లాడకు."

ఇది కొత్తేమీ కాదు. అంతకు ముందు ఏడాది చీర కట్టుకుని దాని స్కూలుకు వెళ్లాను. పిల్లలెవరో ఏదో అన్నారు. అప్పటినుంచి నేను కారులోనే కూర్చోవాలి, అదే బయటికి వస్తుంది. కోపం రాలేదని అబద్ధం చెప్పను. కానీ కన్నకూతురు నన్ను చూసి తలదించుకుంటుంటే కోపం కన్నా నామోషీ ఎక్కువగా ఉండేది. గోధుమరంగు ప్యాంటు వేసుకున్నాను. బొట్టు కూడా కనీకనిపించనంత పెట్టుకున్నాను.

ఊరు అందంగానే ఉంది. రంగురంగుల చెక్క ఇళ్లు, సగం ఇళ్లలో బొమ్మల దుకాణాలు. వరండాల్లో గవ్వల తోరణాలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కట్టెలతో చేసిన పక్షులు. గడ్డాలవాళ్లు రోడ్డు పక్కన స్టాండ్లు పెట్టుకుని సముద్రాన్ని గీస్తున్నారు. మావారు ఒక బొమ్మ ధర చూసి, "అసలు సముద్రం ఎదురుగానే ఉంది కదా, ఊరికే చూడొచ్చు" అని గట్టిగా అన్నారు, ఇంగ్లీషులోనే. లత జెన్నీ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు ముందుకు వెళ్లిపోయింది.

ఒడ్డు పక్కన సిమెంటు బాట మీద పెద్ద పెద్ద గళ్లు గీసి పోటీ పెట్టారు. ఎవరైనా ఒక గడి తీసుకుని సుద్దముక్కలతో బొమ్మ వేయవచ్చు. బల్ల దగ్గర పొడుగు జడ వేసుకున్న ఒక అమెరికన్ పెద్దావిడ కూర్చుని ఉంది. నేను వద్దనేలోపే మావారు ఆవిడతో, "మై వైఫ్ ఈజ్ యాన్ ఆర్టిస్ట్. ఇండియాలో రోజూ పొద్దున్నే నేలమీదే బొమ్మలు వేస్తారు" అని నా పేరు ఇచ్చేశారు.

తప్పించుకునేదాన్నే. కానీ జెన్నీ "రియల్లీ?" అంటూ నావైపు చూసింది. దాని వెనకే లత కూడా చూసింది. తన అమ్మకూ ఏదో ఒకటి చేతనవునని లత ఒక్కసారి చూస్తే చాలనిపించింది. ఒప్పుకున్నాను.

తణుకులో మా ఇంటి ముందు అమ్మ వేసే మెలికల ముగ్గు మొదలుపెట్టాను. అది ఒకటే గీత. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి మొదలైన చోటికే రావాలి. అమెరికా వచ్చాక నాకు వాకిలి లేదు, కార్పెట్టే ఉంది. పండగలకు గుమ్మం దగ్గర రెండు గీతలతో సరిపెట్టేదాన్ని. పైగా నా చేతికి అలవాటైంది పిండి, రెండు వేళ్ల మధ్య నుంచి జారే పిండి. సుద్దముక్క పట్టుకుంటే పలక మీద అక్షరాలు దిద్దుతున్నట్టు ఉంది.

ఆ ముగ్గుకు ఎదురు చుక్కలు పెట్టాలి. అంటే పై వరుస చుక్కకు సరిగ్గా కిందనే రెండో వరుస చుక్క రావాలి. నేను సందు చుక్కలు పెట్టాను, పై రెండు చుక్కల మధ్య సందులోకి కింది చుక్క వచ్చేలాగ. మా పేటలో గౌన్లు వేసుకునే పిల్లలు కూడా చేయని పొరపాటు. సగం వేసేదాకా నాకు తెలియలేదు. గీత ఒక మూలకు పోయి ఆగిపోయింది. ఎటు తిప్పినా చుక్క మీదికే వెళుతోంది. అరచేత్తో చెరిపాను, మళ్లీ గీశాను, మళ్లీ చెరిపాను. జనం మూగారు. ఒకాయన ఎంతో మర్యాదగా, ఇది ఏ ఊరి మ్యాపని అడిగాడు.

"అమ్మా, స్టాప్. ప్లీజ్. అందరూ చూస్తున్నారు" అంది లత. జెన్నీ ముందు తెలుగులో అంది, అంత సిగ్గు పడిపోయింది పిల్ల.

నా చెవులు వేడెక్కిపోయాయి. సుద్దముక్క అక్కడే వదిలేసి, ఆడవాళ్ల బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ వేసుకుని ఏడ్చాను. మావారు పిల్లలిద్దరి చేతికీ ఐస్‌క్రీములిచ్చి, గడి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టి, వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. "పద్మా, ఇక రా. ఎవరూ ఏమీ అనుకోలేదు" అంటూ పిలుస్తూనే ఉన్నారు. ఆ బాత్‌రూమ్‌కు ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. నేను బయటికి వచ్చేదాకా అక్కణ్నుంచి కదల్లేదని ఆయన చివరిదాకా చెప్పేవారు.

మొహం కడుక్కుని తిరిగి వెళ్లేసరికి మా గడి చుట్టూ జనం ఇంకా ఎక్కువయ్యారు. నా ముగ్గు పూర్తయి ఉంది.

నేను వదిలేసిన చోటు వరకు లావుపాటి సుద్దగీత. అక్కడినుంచి సన్నటి పిండిగీత. వంగి వేలితో తాకి చూశాను. బియ్యప్పిండే, కాస్త బరకగా ఉంది. ఆ గాలికి నా జుట్టు మొహాన కొడుతోంది, పిండి మాత్రం కదలడం లేదు. చుక్కలు మాత్రం నేను తప్పుగా పెట్టినవే. ఒక్క చుక్కా బయట మిగల్లేదు. గీత వెళ్లి మొదలైన చోట కలిసింది.

పొడుగు జడావిడ వచ్చి నా చొక్కాకు మొదటి బహుమతి నీలం రిబ్బను గుచ్చింది. నేను వేయలేదన్నాను. ఒకటికి రెండుసార్లు అన్నాను. వినయం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. వేరేవాళ్ల నగ పెట్టుకుని పెళ్లిలో దొరికిపోయినట్టు నిలబడ్డాను. మావారు ఫోటో తీశారు. అందులో నా తల, రిబ్బను బాగా పడ్డాయి, ముగ్గు పడలేదు. ఆయన ఫోటోలన్నీ అంతే.

తిరుగు ప్రయాణంలో లత వెనక సీటులోంచి ముందుకు వంగి, జెన్నీ పక్కన ఉండగానే నాతో తెలుగులో మాట్లాడింది.

"అమ్మా, చీర మళ్లీ ఎందుకు మార్చేశావ్?"

"ఏ చీర?"

"ఎల్లో చీర. రెడ్ బార్డర్. బాత్‌రూమ్‌కి వెళ్లి కట్టుకొని వచ్చావ్ కదా, ముగ్గు ఫినిష్ చేయడానికి. నేను పిలిచా, నువ్వు చూడలేదు."

లత ఇంగ్లీషులో అడిగితే జెన్నీ కూడా అవునంది. పిండి ఉన్న చిన్న గిన్నె ఎడమచేతిలో ఉందని, కుడిచెయ్యి అసలు ఆగలేదని తన ఇంగ్లీషులో చెప్పింది. మావారు పాటల క్యాసెట్ ఆపేశారు.

"మొహం చూశావుట్రా?" అని అడిగారు.

"అమ్మే కదా డాడీ" అంది లత విసుగ్గా.

కారులో చీర లేదు. ఎర్రంచు పసుపు చీర నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. దారిన పోయే మరో తెలుగావిడ ఎవరైనా పూర్తిచేసి ఉంటుందని కొన్నాళ్లు గట్టిగా అనుకున్నాను. సొంత తల్లి మొహం పిల్లకు తెలియదా అని మావారు అడిగాక ఆ మాట అనడం మానేశాను. పోయినవాళ్ల మీదికి నెడదామన్నా వీల్లేదు. ఆ ముగ్గు నాకు నేర్పిన మా అమ్మ అప్పటికి తణుకులో నిక్షేపంగా ఉంది. ఆ చుక్కలే పెట్టి ఇంట్లో కాగితాల మీద ఎన్నిసార్లు ప్రయత్నించానో చెప్పలేను. ఆ ముగ్గు వాటికి రాదు.

ఆ సోమవారం లత నన్ను కారు దిగి స్కూలు గుమ్మం దాకా రమ్మంది. "చీరలోనే రా" అంది. వెళ్లాను. దాని స్నేహితులందరికీ పేరుపేరునా నన్ను చూపించింది. అంత సంతోషంలోనూ తలెత్తి ఎవరినీ చూడలేకపోయాను.

ఇప్పుడు దానికే ఇద్దరు పిల్లలు, శాన్ రామన్‌లో ఉంటారు. మొన్న వెళ్లినప్పుడు భోజనాల దగ్గర వాళ్లకు ఈ కథ చెప్పింది. "అప్పటిదాకా అమ్మమ్మ అంటే నాకు ఎంబరాసింగ్‌గా ఉండేది. ఆ రోజు ఆమె ముగ్గు వేస్తుంటే చూశా. షీ ఈజ్ మై మామ్ అని బీచ్‌లో అందరికీ చెప్పాలనిపించింది" అంది. పిల్లలు నావైపు తిరిగి చూశారు.

అది నేను కాదని మళ్లీ చెప్పాను. లత ఎప్పటిలాగే నవ్వి నా భుజం మీద చెయ్యి వేసింది. నా కూతురు అంత గర్వంగా చూసినావిడ ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ సమయంలో నేను గడియ వేసుకుని, కమోడ్ మూత మీద కూర్చుని ఏడుస్తున్నాను.