నోటీసు పెద్దమ్మ చేతిరాత

ఆ భవనంలో అందరూ ఆవిడను నోటీసు పెద్దమ్మ అనే పిలిచేవారు. ఓ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాక ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శి అయింది. ముక్కు మీద కోపమే గానీ మనసు వెన్న. ఆ వెన్న సంగతి ఆవిడ నోటీసులకు మాత్రం తెలియదు.

మొదట్లో అన్నీ లావుపాటి అక్షరాల్లో కొట్టేది. పై అంతస్తులో ఉండే సొంత చెల్లెలి పూలకుండీల నీళ్లు కింది బాల్కనీలో కారుతున్నాయని ఓసారి నోటీసు అంటించింది: ‘తక్షణం తొలగించని పక్షంలో తగిన చర్య తీసుకోబడును.’ ఆ రోజు నుంచి చెల్లెలు మాట్లాడటం మానేసింది. మెట్ల మీద ఎదురైనా మొహం తిప్పుకునేది. పెద్దమ్మ మాత్రం తక్కువ తిందా? ముందు తనే పలకరిస్తే కార్యదర్శి పదవి కిందపడి పగిలిపోదూ!

కానీ లోలోపల ఒకటే దిగులు. నోటీసుల కరుకుదనం తగ్గించాలని కంప్యూటరంతా గాలించి, తీరిగ్గా సన్నటి పెన్నుతో రాసినట్టుండే ఒక ఫాంటు పట్టుకుంది. అక్షరాలు కాస్త పక్కకు ఒరిగి, కబుర్లు చెబుతున్నట్టుండేవి. ఇక నోటీసులన్నీ అందులోనే. ‘చెప్పులు మెట్ల మీద వదిలితే నేను బోర్లా పడతాను. నన్ను మోసే ఓపిక మీకుందా?’ జనం నవ్వుకుంటూ చెప్పులు తీసేవారు. చెల్లెలు నోటీసు బోర్డు దగ్గర ఆగడం మాత్రం ఎవరూ చూడలేదు.

ఒక ఉదయం మేడ మీది నీళ్ల ట్యాంకు కడిగినవాళ్లు బ్లీచింగ్ పొడి డబ్బాలకు డబ్బాలు గుమ్మరించి పోయారు. పెద్దమ్మ అలవాటు కొద్దీ అదే ఫాంటులో కొట్టి అంటించింది: ‘ఈ పూట కుళాయి నీళ్లు తాగారో, పొట్టలు లోపల తెల్లగా మెరిసిపోతాయి. నేను చెప్పేదాకా ఆగండి.’

కాసేపటికి కింది అంతస్తు దర్జీ అది చదివి పకపకా నవ్వాడు. “భలే రాస్తారు పెద్దమ్మా!” అంటూ అప్పుడే కుళాయిలో పట్టుకున్న సీసా ఎత్తాడు.

పెద్దమ్మ గబుక్కున ముందుకొచ్చింది. “ఓరి నాయనా, నిజంగానే తాగొద్దు!” అని సీసా లాక్కుంది.

“జోకనుకున్నానండీ,” అన్నాడతను తెల్లబోయి.

ఇక నోటీసును నమ్ముకుంటే కొంప మునుగుతుంది. లిఫ్టు లేని భవనం, మాట వినని మోకాళ్లు. అయినా ఒక్కో తలుపూ తట్టి చెప్పుకుంటూ పైకెక్కింది. చివరికి చెల్లెలి గుమ్మం ముందు ఆగిపోయింది. ముందు తనే మాట్లాడాలి మరి. అంతలో లోపల గ్లాసు చప్పుడైంది. పెద్దమ్మ తలుపు దబదబా బాదేసింది.

“తాగకే! కుళాయి నీళ్లు తాగకే తల్లీ!”

తలుపు తెరుచుకుంది.

“ఇందాకే చదివానక్కా,” అంది చెల్లెలు.

“మరి... అందరూ జోకనుకున్నారే?”

“వాళ్లకేం తెలుసు? బాగా భయమేసినప్పుడే కదా నువ్వు వేళాకోళాలాడేది. అమ్మను ఆస్పత్రిలో చేర్చిన రోజు నన్నెంత నవ్వించావో!”

పెద్దమ్మ అక్కడే గడప మీద కూలబడి ఏడ్చేసింది. చెల్లెలు చెయ్యి పట్టి లేపింది.

“నిన్న పట్టిన నీళ్లున్నాయి. లోపలికి రా, తాగుదువుగానీ.”