మేనేజరు మెచ్చే మొదటి ఆల్బమ్

రాయదుర్గం ఆఫీసులో మా మేనేజరుకు ఎనభైల తొలినాళ్ల న్యూవేవ్ ఇంగ్లిష్ పాప్ బ్యాండ్ల మొదటి ఆల్బమ్‌లంటే ప్రాణం. నాకు ప్రమోషనంటే ప్రాణం. అందుకే అలాంటి గ్రామఫోన్ రికార్డొకటి కొని, మియాపూర్‌లోని మా హాల్లో గోడకెక్కించి, ఆయన్ను భోజనానికి పిలిచాను.

"మొదటి ఆల్బమ్‌లో ఉన్న నిజాయితీ తర్వాతి వాటిలో లేదండీ" అన్నాను, పుట్టినప్పటి నుంచీ అవే వింటున్నవాడిలా.

ఆయన రికార్డును చేతిలోకి తీసుకున్నారు. "పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదేమండీ?"

నేను తడుముకునేలోపే మా ఆవిడ అందుకుంది. "ఈయన ఏది కొన్నా గంతే సార్. కారు సీట్ల మీది ప్లాస్టిక్ కూడ మూడేండ్ల సంది గట్లనే ఉంది."

ప్రమోషన్ మాత్రం, ఆ పాటలు వింటే తలనొప్పి వస్తుందని మేనేజరు మొహం మీదే చెప్పిన నా పక్క సీటతనికి వచ్చింది.